బ్రాంప్టన్‌లో లైసెన్సు గంజాయి షాపు: మా ఎక్సైజ్ బావగారితో వెళ్లొచ్చాక

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ ప్యాకింగుకి. షాపు పేరు రాసినా పెద్ద తేడా పడదు, ఎందుకంటే బ్రాంప్టన్ ఉన్న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో లైసెన్సు షాపులన్నీ సరుకు కొనాల్సింది ఒకే చోట, ప్రభుత్వ సంస్థ అయిన ఒంటారియో కెనబిస్ స్టోర్ దగ్గర. కాబట్టి షాపుకీ షాపుకీ తేడా అంతా మనుషుల్లోనే.

వెళ్లడానికి కారణం మా బావగారు. నర్సీపట్నం వైపు ఎక్సైజ్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యారు, అక్కతో కలిసి వేసవికి వచ్చారు. నయాగరా చూపించాం, గుళ్లకి తిప్పాం, దేనికీ పెద్దగా కదల్లేదు గానీ రోడ్డు పక్కన ఆకు బొమ్మ బోర్డు కనపడగానే "ఒరేయ్, బండి ఆపు" అన్నారు. సర్వీసంతా గంజాయి మూటలు పట్టుకున్న మనిషి, దాన్ని బోర్డు పెట్టి అమ్ముతుంటే చూడకుండా ఉండగలరా.

తలుపు దగ్గరే ఐడీ. పాతికేళ్ల లోపు కనిపించేవాళ్లని అడిగితే చాలు, కానీ ఈ షాపులో నెత్తిమీద ఒక్క నల్ల వెంట్రుక లేని మా బావగారిని కూడా పాస్‌పోర్ట్ అడిగారు. మా ముందున్న కుర్రాడు మనవాడే, ఫోన్లో ఐడీ ఫొటో చూపించి "ప్లీజ్ ప్లీజ్" అని బతిమాలాడు, కౌంటర్ అమ్మాయి నవ్వుతూనే బయటికి పంపేసింది. 19 నిండినట్టు రుజువు లేకుండా అమ్మితే వాళ్ల లైసెన్సుకే ఎసరు. బావగారికి షాపు మీద గౌరవం అక్కడే పుట్టింది, మాట్లాడకుండా తలూపారు.

లోపల శుభ్రంగా ఉంది, వెలుతురు బాగుంది, మెనూ అంతా స్క్రీన్ల మీద. వాసన చూడ్డానికి తాళం వేసిన చిన్న డబ్బాలు పెట్టారు, మూతకి చిల్లులుంటాయి. నేను గమ్మీలు, అంటే గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిలు, అడిగాను. "వీటితో నిద్ర పడుతుందా?" అంటే "అది మేం చెప్పకూడదు సార్, డాక్టర్ని అడగండి" అంది. నడుం నొప్పి నుంచి బట్టతల దాకా అన్నిటికీ మందని చెప్పి అంటగట్టేవాళ్లని చూసిన మనకి ఈ జవాబు కొత్తగా ఉంటుంది, నాకైతే నచ్చింది. కొత్తవాళ్లయితే సగం ముక్క తినండి, తొందరపడి ఇంకోటి వేసుకోకండి, గంటా రెండు గంటల తర్వాత గానీ తెలియదు అని తనే రెండుసార్లు చెప్పింది.

డబ్బా చేతికివ్వగానే బావగారు కళ్లజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. దాని మీద ఎక్సైజ్ స్టాంపు! "మేం తగలబెట్టిన సరుకుకి వీళ్లు స్టాంపేసి అమ్ముతున్నార్రా" అని అక్కడే గట్టిగా నవ్వారు. ఆకు బొమ్మతో ఎర్రటి గుర్తు, పసుపు రంగులో హెచ్చరిక, టీహెచ్‌సీ (మత్తెక్కించే పదార్థం) ఎంతో మిల్లీగ్రాముల్లో, అన్నీ ఉన్నాయి. ఎండు గంజాయి పువ్వు కొంటే మాత్రం లేబుల్ మీద టీహెచ్‌సీ, టోటల్ టీహెచ్‌సీ అని రెండు అంకెలుండొచ్చు. బియ్యం కొలత, అన్నం కొలత లాంటివనుకోండి, వేడి తగిలాక వచ్చేది రెండోది, చూడాల్సిందీ అదే.

ఇక ఫిర్యాదులు. రెండు చిన్న గమ్మీలకి అరచేయంత ప్లాస్టిక్. పిల్లలు తెరవకూడదని చేసిన మూత నాకూ రాలేదు, ఇంటికొచ్చాక కత్తెర తెచ్చుకున్నాం. ప్యాకెట్ మొత్తానికి టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు మించకూడదన్న రూలు వల్ల ఎక్కువ వాడేవాళ్లు ఇంకా ఇల్లీగల్ వెబ్‌సైట్లకే పోతున్నారని ఇక్కడ చాలామంది వాదన. నిజమే అయినా నేను రూలు వైపే. షాపులొచ్చాక చిన్న పిల్లలు తెలియక ఈ మిఠాయిలు తిని ఆసుపత్రుల్లో చేరడం పెరిగింది. పక్కనున్న క్యుబెక్ అయితే గమ్మీల్లాంటి మిఠాయిలు అసలు అమ్మదు, అక్కడ షాపులన్నీ ప్రభుత్వానివే, వయసు 21.

ధరంటారా, పువ్వు మీద గ్రాముకి కనీసం ఒక డాలరు ఎక్సైజ్, పైన 13 శాతం హెచ్‌ఎస్‌టీ అనే అమ్మకం పన్ను.

కారెక్కాక అడిగాను, మన దగ్గర కూడా ఇలా పెట్టేస్తే పోలా అని. "షాపు పెట్టడం ఎంతసేపు, బెల్టుషాపు ఎవడాపుతాడు?" అన్నారు. మందు లైసెన్సులు చూసిన మనిషి కదా, జవాబు రెడీగా ఉంది. మరి 2021లో మన్యంలో మొదలుపెట్టి వేల ఎకరాల తోటలు నరికేశారు కదా, ఆగిందా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు విషయం చెప్పారు: పండించేది గిరిజనులు, డబ్బు తినేది మధ్యవర్తి, జైలుకి పోయేది మూట మోసినవాడు, రేపు లైసెన్సులిస్తే అవి ఆ గిరిజనులకి వస్తాయా, కంపెనీలకి పోతాయా? ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కెనడాలో కూడా మొదట్లో ఎక్కువ లాభపడింది పెద్ద కంపెనీల షేర్లు అమ్ముకున్నవాళ్లే. అయినా ఆ కుర్రాణ్ని వెనక్కి పంపిన కౌంటర్ లాంటిది ఒకటుంటే బాగుంటుందనే నేనంటాను, ఆయన ఒప్పుకోలేదు.

స్టూడెంట్లు, వర్క్ పర్మిట్ వాళ్లు ఇది చదవండి. ఇక్కడ లీగల్ అంటే ఇక్కడే లీగల్. నయాగరా అవతల న్యూయార్క్‌లోనూ అమ్ముతారు గానీ సరిహద్దు దాటించడం మాత్రం నేరం, ఇండియా వెళ్లే బ్యాగులో గమ్మీ ఒక్కటున్నా ఎన్డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద కేసే. మత్తులో బండి నడిపితే 2018 డిసెంబర్ నుంచి గరిష్ఠ శిక్ష పదేళ్లు, దాంతో పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్లకి కూడా దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చు. జీ1, జీ2 అనే కొత్త డ్రైవర్ల లైసెన్సు వాళ్లకైతే ఒంట్లో ఆనవాలు దొరికినా సస్పెన్షనే.

పార్కింగ్ వెనకవైపు ఉంది. శుక్రవారం సాయంత్రం లైను పెద్దది, మిగతా రోజుల్లో వెళ్లండి, ఒరిజినల్ ఐడీ మర్చిపోకండి.