సైకిల్ డిస్క్ బ్రేక్ బోల్టు పట్టేస్తే నూనె, వేడి, డ్రిల్... ఏది మేలు?

రోటర్ (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ పళ్లెం) బోల్టులో టీ25 అనే నక్షత్రం ఆకారపు బిట్ పెట్టి తిప్పగానే అది పట్టు తప్పి గిర్రున తిరిగిపోతే, చాలామంది చేసే మొదటి పని డబ్ల్యూడీ-40 నూనె స్ప్రే డబ్బా తీసి బుస్సుమని కొట్టేయడం. రెండేళ్ల క్రితం నేనూ అదే చేశాను. బోల్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు, ఆ నూనె రోటర్ మీదుగా ప్యాడ్లకి చేరి బ్రేక్ కీచుమని అరవడం మొదలుపెట్టింది, కొత్త ప్యాడ్లు పారేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి: ఏది మేలు అని ఆలోచించే ముందు, ఆ బోల్టుని పట్టుకుని ఉన్నది తుప్పా, గమ్మా అని చూస్తాను. నూనె తుప్పు మీద పనిచేస్తుంది. గమ్ము మీద పనిచేయదు.

ఆరు బోల్టుల రోటర్‌కి వచ్చేవి 5 మిల్లీమీటర్ల బోల్టులు, మర పిచ్ (ఒక్కో మర చుట్టు మధ్య దూరం) 0.8 మిల్లీమీటర్లు, తలలో టీ25 స్టార్. కొత్తవాటి మర మీద నీలం రంగు పూత కనిపిస్తుంది చూడండి, నేను గమ్ము అన్నది అదే, అసలు పేరు థ్రెడ్‌లాకర్, మన మెకానిక్‌లు లోక్‌టైట్ అంటారు. బ్రేకు అదురుకి బోల్టు వదులు కాకూడదని కంపెనీయే వేసి పంపుతుంది. అంటే రోటర్ బోల్టు గట్టిగా ఉండటం లోపం కాదు, అలా ఉండాలనే చేశారు. దానికి తోడు మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రోడ్ల మీద నిలిచిన నీళ్లలో తొక్కి, తడి తుడవకుండా సైకిల్‌ని అపార్ట్‌మెంట్ మెట్ల కింద పెట్టేస్తాం. ఉక్కు బోల్టు, అది బిగిసే అల్యూమినియం హబ్ (చక్రం నడిమి భాగం), మధ్యలో తడి. రెండు వేర్వేరు లోహాల మధ్య తడి చేరితే మరలో తెల్లటి పొడిలాంటిది పేరుకుని బిగుసుకుపోతుంది. కాబట్టి ఒక్కోసారి రెండూ కలిసే పట్టుకుంటాయి.

ఇక పద్ధతుల సంగతి. రోటర్ బోల్టు అయితే నా ఓటు ముందు వేడికి, నూనెకి కాదు. నీలం లోక్‌టైట్ దాదాపు 250 డిగ్రీల దగ్గర మెత్తబడి మామూలు స్పానర్‌కి లొంగుతుంది. దీనికి గ్యాస్ మంట అక్కర్లేదు, వద్దు కూడా. హబ్‌లో బేరింగ్ గ్రీజు ఉంటుంది, రబ్బరు సీళ్లు ఉంటాయి, పక్కనే టైరు ఉంటుంది, వీటన్నిటికీ మంటతో ముప్పే. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. దాని మొనని బోల్టు తల గుంటలో ఆనించి రెండు మూడు నిమిషాలు ఉంచి, వేడి తగ్గకముందే బిట్ పెట్టి తిప్పాలి. వేడి ఎక్కువగా బోల్టుకే పోతుంది, హబ్ మొత్తానికి అంతగా పాకదు. కార్బన్ హబ్ ఉన్నవాళ్లు మాత్రం ఇది కూడా చేయకండి.

నూనె వేయాల్సిందే అనిపిస్తే, చక్రం సైకిల్ నుంచి తీసేసి, స్ప్రే కాకుండా సిరంజితో ఒక్క చుక్క బోల్టు అంచున వేసి రాత్రంతా వదిలేయండి. ఆ రోటర్‌నే మళ్లీ వాడేటట్లయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవాలి. చేత్తో ముట్టుకున్న జిడ్డు కూడా ప్యాడ్లకి పడదు.

ఇవన్నీ తల బాగున్నప్పటి మాటలు. నేను చూసిన కేసుల్లో ఎక్కువ శాతం తల పోయింది తుప్పు వల్ల కాదు, తప్పు బిట్ వల్ల. టీ20 పెట్టి తిప్పుతారు, లేదంటే ఆలెన్ కీని ఎలాగోలా ఇరికిస్తారు, లేదంటే గుంటలో ఎండిన బురద ఉండగానే బిట్ పైపైన ఆనించి బలం వేస్తారు. సూదితో గుంటలో మట్టి పూర్తిగా గీకి తీసి, రోటర్ పైకి ఉండేలా చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, మంచి టీ25 బిట్‌ని సుత్తితో ఒక దెబ్బ వేసి లోపలి దాకా దించి, పైనుంచి ఒంటి బరువంతా మోపి తిప్పితే, పోయిందనుకున్న బోల్టు కూడా చాలాసార్లు వచ్చేస్తుంది. మల్టీటూల్‌లో ఉండే చిన్న బిట్‌తో ఈ పని చేయొద్దు, దానికి అంత పట్టు ఉండదు. కొంచెమే అరిగితే బిట్ కొనకి వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ రాసి పెట్టండి, బైక్ స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతుంది, అందులోని గరుకు బిట్‌ని జారనివ్వదు.

నిజంగా పూర్తిగా గుండ్రమైపోతే అప్పుడు నాలుగు దారులు, ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే.

ఒకటి, టీ27 బిట్‌ని సుత్తితో కొట్టి దించడం. టీ25 కన్నా దాదాపు అర మిల్లీమీటరు లావు, అరిగిన గుంటలో కొత్తగా తనకి తానే దారి చేసుకుంటుంది, పైగా ఆ దెబ్బకి మరలో పట్టు కూడా కొంత వదులుతుంది. ఖర్చు ఒక బిట్ మాత్రమే. నేను ముందు దీన్నే ప్రయత్నిస్తాను. హబ్ కింద చెక్క ముక్క పెట్టి చిన్న సుత్తితో కొట్టండి, బేరింగ్‌ల మీద పెద్ద దెబ్బలు పడకూడదు.

రెండోది తల మీద అడ్డంగా గాడి కోసి పట్టీ స్క్రూడ్రైవర్‌తో తిప్పడం. చిన్న గ్రైండర్ ఉంటే ఐదు నిమిషాల పని. కానీ ఈ బోల్టుల తల పల్చగా ఉంటుంది, గాడి లోతుగా దిగదు, కోసేటప్పుడు గ్రైండర్ బిళ్ల రోటర్‌కి కూడా తగులుతుంది. రోటర్ ఎలాగూ పారేసేదే అయితే పర్లేదు. షిమానో కంపెనీ రోటర్లు కొత్తవి 1.8 మిల్లీమీటర్ల మందం, 1.5కి వస్తే మార్చేయాలి. దాన్ని మార్చడానికే విప్పుతున్నామంటే గీత పడినా నష్టం లేదు.

మూడోది స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్, అదే ఈజీ అవుట్. ఆన్‌లైన్‌లో సెట్టు చవకగా వస్తుంది, వీడియోల్లో వెన్నలా దిగిపోతుంది. ఈ సైజు బోల్టుకి మాత్రం నేను దీనికి గట్టిగా వ్యతిరేకం. 5 మిల్లీమీటర్ల బోల్టు మధ్యలో పట్టే ఎక్స్‌ట్రాక్టర్ అగ్గిపుల్లంత సన్నగా ఉంటుంది, గట్టి ఉక్కు కాబట్టి వంగదు, టక్కున విరుగుతుంది. విరిగి లోపల ఉండిపోయిందా, మామూలు డ్రిల్ బిట్ దాన్ని తొలవలేదు. పోయిన ఆగస్టులో ఒక స్నేహితుడి చక్రం పట్టుకుని బాలానగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్తే అక్కడి ఆయన చూడగానే అడిగిన మొదటి మాట, "ఈజీ అవుట్ పెట్టిన్రా అన్నా?" అని. లేదన్నాక ఊపిరి పీల్చుకుని, "మంచి పని చేసిన్రు, గది లోపల ఇరిగితే హబ్ మీద ఆశ వదులుకోవాల్సిందే" అన్నాడు.

నాలుగోది, ఆయన చేసిందీ, ఆ తర్వాత నేను ఇంట్లో రెండుసార్లు చేసిందీ, తలని డ్రిల్ చేసి తీసేయడం. వినడానికి భయంగా ఉంటుంది కానీ అరిగిపోయిన రోటర్ బోల్టుకి ఇదే మేలు. స్టార్ గుంట ఉండనే ఉంది కాబట్టి డ్రిల్ బిట్ మధ్యలోనే నిలుస్తుంది. ముందు 3 మిల్లీమీటర్ల బిట్, తర్వాత 5, స్పీడు తక్కువగా, ఒక చుక్క నూనె వేసి, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకుని. తల మందం దాటి లోపలికి పోవద్దు. తల తెగి రింగులా బిట్‌కి తగులుకుని వచ్చేయగానే ఆ బోల్టు మీద ఉన్న బిగువంతా పోతుంది, మిగతా ఐదూ విప్పితే రోటర్ పైకి లేచి వచ్చేస్తుంది. రోటర్ మందం ఎంతో అంత, అంటే రెండు మిల్లీమీటర్ల లోపు మొండెం హబ్ మీద మిగులుతుంది. దాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి లాకింగ్ ప్లయర్‌తో గట్టిగా పట్టి తిప్పాలి. మొదటిసారి నాకు దాదాపు గంట పట్టింది, రెండోసారి ఇరవై నిమిషాలు. ఇంట్లో డ్రిల్ లేకపోతే లేత్ షాపుకే తీసుకెళ్లండి. చక్రం ఒక్కటే పట్టుకెళ్తే చాలు, ముందు టైరు గాలి తీసేయండి.

కాలిపర్ (ప్యాడ్లని రోటర్ మీద నొక్కే భాగం) బోల్టుల లెక్క పూర్తిగా వేరు. పోస్ట్ మౌంట్ అనే అమరికలో అవి 6 మిల్లీమీటర్ల బోల్టులు, తలలో 5 నంబర్ ఆలెన్ కీ పడుతుంది. గుంట అరిగినా వాటి తల డబ్బాలా నిటారుగా బయటికి ఉంటుంది కాబట్టి లాకింగ్ ప్లయర్‌తో పక్కల నుంచి పట్టేయొచ్చు, డ్రిల్ దాకా పోవాల్సిన పనే రాదు. ఇక్కడ వేడి వద్దు, లోపల పిస్టన్ సీళ్లు, బ్రేక్ ఆయిల్ ఉన్నాయి. సస్పెన్షన్ ఉన్న ముందు ఫోర్కుల కింది కాళ్లు చాలావాటికి మెగ్నీషియంవి, దాని దగ్గర మంట తేవడమే ప్రమాదం. ఇక్కడ నూనెదే పైచేయి, కాకపోతే ముందు చక్రం, ప్యాడ్లు రెండూ తీసి పక్కన పెట్టాలి. ఇంకో తేడా ఉంది, ఇది చాలామంది గమనించరు. పోస్ట్ మౌంట్‌లో బోల్టు మర ఫోర్కులోనో ఫ్రేములోనో ఉంటుంది, పాడైతే నష్టం ఖరీదైనదానికి. రోడ్ సైకిళ్ల వెనక ఫ్లాట్ మౌంట్ అనే అమరికలో బోల్టు ఫ్రేము కింద నుంచి వచ్చి కాలిపర్‌లో బిగుస్తుంది, మర పాడైతే పోయేది కాలిపర్ ఒక్కటే. అందుకే మొదటి రకంలో బలప్రయోగానికి ముందు రెండు రోజులు నూనెకి వదిలేస్తాను.

ప్యాడ్లని కాలిపర్‌లో పట్టి ఉంచే ప్యాడ్ పిన్ దగ్గరికి వస్తే, షిమానో పిన్‌కి చెప్పిన బిగింపు 0.1 నుంచి 0.3 న్యూటన్ మీటర్లు, అంటే రెండు వేళ్లతో తిప్పినంత. దాన్ని ఎవరో చక్రం నట్టు బిగించినట్టు బిగిస్తారు, తల పోతుంది. పిన్ విప్పేది ప్యాడ్లు మార్చడానికే అయితే నూనె ధైర్యంగా వేయొచ్చు, తడిసే ప్యాడ్లు ఎలాగూ చెత్తబుట్టకే. తర్వాత కాలిపర్ లోపల ఆల్కహాల్‌తో తుడవడం మర్చిపోవద్దు. గాడి ఉన్న తల అయితే సన్నని ఆకురాయితో గాడిని కాస్త లోతు చేసినా సరిపోతుంది. ఏదీ పనిచేయకపోతే హ్యాక్సా బ్లేడు చేత్తో పట్టి, రెండు ప్యాడ్ల మధ్య కనిపించే చోట పిన్‌ని కోసేయడమే. కొత్తగా వేసేటప్పుడు మీ మోడల్‌కి స్ప్లిట్ పిన్ దొరికితే అదే వేయండి, మర లేదు, తల లేదు, పట్టేసే బాధే లేదు.

కాలిపర్ మీద బ్రేక్ ఆయిల్ మార్చడానికి విప్పే బ్లీడ్ నిపుల్ తల అరిగితే మాత్రం ఇంట్లో ఏ ప్రయోగమూ వద్దు. డ్రిల్ పొట్టు ఒక్క రేణువు లోపలికి పోయినా సీళ్లు చెడొచ్చు. బ్రేక్ బాగా పట్టుతుంటే దాన్ని కదపకుండా వదిలేసి, ఆయిల్ మార్చే రోజు వచ్చినప్పుడు కొత్త కాలిపర్ కొనడం మేలు.

తిరిగి బిగించేటప్పుడు పాత బోల్టులు వద్దు, ఆరూ కొత్తవి వేయండి. పాతవే వాడక తప్పకపోతే మర శుభ్రం చేసి నీలం లోక్‌టైట్ ఒక్క చుక్క వేయండి, గ్రీజు వద్దు, ఎరుపు లోక్‌టైట్ అసలే వద్దు. ఎదురెదురు బోల్టులని కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. షిమానో తన రోటర్లకి 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు చెబుతుంది, స్రామ్ కంపెనీ 6.2, కాబట్టి మీ రోటర్ మీద ఏం రాసి ఉందో చూసి అంతే బిగించండి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ లేకపోతే రాణీగంజ్‌లో టూల్స్ షాపుల్లో చిన్నది అడగండి, పెద్దది కార్లకి, దానితో ఈ బోల్టు తెగుతుంది. బిగించాక చక్రం ఎత్తి తిప్పి, బ్రేక్ ఇరవై సార్లు నొక్కి చూసి, కాలనీలోనే రెండు రౌండ్లు వేసి, బోల్టులు మళ్లీ ఒకసారి చూసుకున్నాకే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సైకిల్ ట్రాక్ వైపు వెళ్లండి. ఐదు బోల్టులతో సరిపెట్టుకుని ఎవరూ బయల్దేరొద్దు.