బిల్లులు ఈమెయిల్‌లో పంపే ప్రోగ్రాం కొనబోయే వ్యాపారులకు హెచ్చరిక

పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నవారిలో, బిల్లులనూ ధరల పట్టికనూ ఈమెయిల్‌లో పంపే ప్రోగ్రాం కోసం వెతుకుతున్నవారు దయచేసి ఇది చదవండి. అటువంటి ప్రోగ్రాంకు నేను 24,000 రూపాయలు చెల్లించి, రెండు నెలల పాటు అన్నీ సక్రమంగా వెళ్తున్నాయనే నమ్మకంతో ఉన్నాను. నిజానికి నా ఖాతాదారుల్లో చాలామందికి బిల్లే కనిపించలేదు.

అమ్మడానికి వచ్చిన వ్యక్తి మా కొట్టులోనే లాప్‌టాప్ తెరిచి, తన సొంత జీమెయిల్‌కు ఒక నమూనా ఉత్తరం పంపి చూపించారు. అందులో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తప్ప తెలుగు అక్షరం గానీ, జతచేసిన పీడీఎఫ్ గానీ లేవు. మనకు కావలసినవి సరిగ్గా ఆ రెండే కదా అన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు.

తరువాత బరంపురం నుంచి మా పాత ఖాతాదారు ఒకరు ఫోన్ చేసి, "మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉందండీ, బిల్లు ఏదీ?" అని అడిగారు. రాజమహేంద్రవరంలోని మరొకరికి మా కొట్టు పేరు, సరుకు వివరాలు ఉండవలసిన చోట అర్థంకాని లాటిన్ అక్షరాల వరుస కనిపించింది. నా ఫోన్‌లో మాత్రం అవే ఉత్తరాలు సక్రమంగానే కనబడుతుండడంతో లోపం వాళ్ల వైపే ఉందనుకున్నాను. ఈ విషయానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

విశాఖపట్నంలో ప్రోగ్రామింగ్ చేసే మా మేనల్లుడు ఆ ఉత్తరం అసలు రూపాన్ని తెరిచి చూశాక విషయం తేలింది. ఒకే ఈమెయిల్‌లో సాదా పాఠం, హెచ్‌టీఎంఎల్ పాఠం (వెబ్ పేజీలా రంగులు, పట్టికలతో తీర్చిన రూపం), జతచేసిన ఫైలు ఇమిడేటట్లు చేసే పద్ధతిని మల్టీపార్ట్ అంటారు. ఈమెయిల్‌ను ఎలా కూర్చాలో చెప్పే మైమ్ అనే ప్రమాణాలలో భాగంగా 1996లో వెలువడిన నియమాలు దీన్ని వివరిస్తాయి. ఒకే విషయాన్ని రెండు రూపాల్లో పంపేటప్పుడు ఆ రెంటినీ 'ఆల్టర్నేటివ్' అనే గుంపులో ఉంచాలి. సాదా పాఠం ముందు, హెచ్‌టీఎంఎల్ చివర రావాలి, ఎందుకంటే చదివే యాప్ తనకు అర్థమయ్యే రూపాల్లో చివరిదాన్ని ఎంచుకుని చూపిస్తుంది. నాకు అమ్మిన ప్రోగ్రాం ఈ వరుసను తలకిందులు చేసింది. అందంగా తీర్చిన బిల్లు పాఠం ముందు వచ్చింది, "వివరాలకు ఫోన్ చేయండి" అన్న ఒక్క వాక్యపు సాదా పాఠం తరువాత వచ్చింది. బరంపురం వారికి కనిపించింది ఆ వాక్యమే. పైగా పీడీఎఫ్‌ను కూడా అదే గుంపులో పెట్టడంతో అది జతచేసిన ఫైలుగా కాక, ఉత్తరానికి మూడో రూపంగా లెక్కకు వచ్చింది. జతచేసే ఫైళ్లు 'మిక్స్‌డ్' అనే బయటి గుంపులో ఉండాలి. కొన్ని యాప్‌లు ఇటువంటి తప్పును సర్దుకుని చూపిస్తాయి, కొన్ని చూపించవు. నా ఫోన్ మొదటి రకానిది.

తెలుగు చెడిపోవడానికి కారణం వేరు. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు, అంటే కంప్యూటర్ సమాచారాన్ని దాచే మూడు చిన్న ముక్కలు, తీసుకుంటుంది. ఆ పాఠం యూటీఎఫ్-8లో ఉందని ఉత్తరంలో ప్రకటించకపోతే, కొన్ని యాప్‌లు ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివేస్తాయి. ఆ ప్రకటన ఒక్క వరుస మాత్రమే, అయినా అది మా ఉత్తరాల్లో లేదు.

వీటన్నిటికీ మూలం ఏమిటంటే, ఆ ప్రోగ్రాం రాసినవారు లైబ్రరీ (ఇటువంటి పనికి ముందే రాసి ఉంచిన ప్రోగ్రాం భాగం) ఏదీ వాడకుండా, ఉత్తరం వివరాలు చెప్పే శీర్షికలనూ విభాగాల మధ్య వచ్చే సరిహద్దు గీతలనూ చేత్తో అతికించారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే 'ఈమెయిల్' అనే లైబ్రరీ ఉచితంగా వస్తుంది. పీహెచ్‌పీ అనే మరో భాష వాడేవారికి పీహెచ్‌పీమెయిలర్ అనే లైబ్రరీ కూడా ఉచితంగానే దొరుకుతుంది. మా మేనల్లుడు పైథాన్ లైబ్రరీలో సాదా పాఠం, హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్ వరుసగా చేర్చే మూడు ఆదేశాలతో అదే బిల్లు పంపితే, గుంపులు వాటంతటవే సరైన వరుసలో అమరాయి, తెలుగు చెక్కుచెదరలేదు. ఇంత తేలికైన పనిని సరిగ్గా చేయకుండా మన దగ్గర డబ్బు తీసుకోవడమే నాకు ఎక్కువ కష్టం కలిగించింది.

అమ్మినవారిని అడిగితే లోపం మీ మెయిల్ సర్వీసుదన్నారు, సరిచేయాలంటే మరో 6,000 రూపాయలు కట్టాలన్నారు. నేను కట్టలేదు, మొదట చెల్లించిన డబ్బు కూడా తిరిగి రాలేదు.

ఇదే నమూనాతో మందస, సోంపేట వైపు కొట్లకు కూడా వస్తున్నారని విన్నాను. మీ దగ్గరికి వస్తే, డబ్బు చెల్లించక ముందే మీ కొట్టు పేరు తెలుగులో రాయించి, మీ సొంత పీడీఎఫ్ బిల్లు జతచేయించి, కనీసం మూడు వేర్వేరు మెయిల్ యాప్‌లున్న ఫోన్లకు పంపించి చూడండి. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, ఉత్తరం పక్కనున్న మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కితే అసలు రూపం కనిపిస్తుంది; అందులో 'మిక్స్‌డ్' బయట, 'ఆల్టర్నేటివ్' లోపల ఉన్నాయో లేదో తెలిసినవారి చేత చూపించండి. ఏ లైబ్రరీ వాడారో రసీదు మీద రాసి ఇవ్వమని అడగండి, రాయనంటే కొనకండి.