కర్నూలు నుంచి తెరచాప దాకా: హుస్సేన్‌సాగర్, గండికోట, అవుకు

సీమలో నీళ్లు లేవనే మాట పడవల విషయంలో చెల్లదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర ఉంది, అవుకు జలాశయం ఉంది, గండికోట కింద పెన్న ఉంది. 1863 నుంచి 1870 దాకా కె.సి. (కర్నూలు-కడప) కాలువ తవ్వించినవాళ్లు పొలాలకు నీళ్లతో పాటు పడవల రాకపోకలనూ లెక్కలో పెట్టుకున్నారు. మనకు కొదవల్లా తెరచాపే. మోటారు బోటులో కూర్చుని తిరిగిరావడం వేరు, గాలిని పట్టుకుని పడవను మన చేత్తో నడపడం వేరు. ఆ రెండోది కావాలంటే కర్నూలుకు దగ్గరి దారి హైదరాబాదే. అందుకే ముందు దాని సంగతి, తర్వాత మన నీళ్ల సంగతి.

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు చాలా ఏళ్లుగా తిరుగుతున్నాయి. సైన్యం వైపు నుంచి ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ ఉన్నాయి. బయటివాళ్లు చేరడానికి వీలుగా ఉన్నది యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్. ప్రభుత్వ బడుల పిల్లలకు కూడా అక్కడ శిక్షణ ఇస్తారు. వాళ్లలో జాతీయ పోటీల దాకా వెళ్లినవాళ్లున్నారు. ఆ ఒక్క కారణానికే ఈ క్లబ్బును చూసి రమ్మని చెప్పొచ్చు.

చిన్నపిల్లలకు ఇచ్చేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ. 2.36 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు, 3.3 చదరపు మీటర్ల చాప. 15 ఏళ్లు దాటితే ఆ తరగతి (అంటే ఆ రకం పడవల) పోటీల్లో చోటుండదు. పెద్దవాళ్లు నేర్చుకునేది లేజర్, ఇప్పుడు దాన్నే ఐఎల్‌సీఏ అంటున్నారు. 4.2 మీటర్ల పొడవు, ఒట్టి పడవ 59 కిలోలు. పడవ ఒకటే, చాపలు మూడు సైజులు: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. బరువు 60 కిలోలలోపు ఉన్నవాళ్లు మొదటిరోజే 7.06 అడగొద్దు. గాలి కాస్త లేచిందంటే పడవను అదుపులో పెట్టడానికి ఒంటి బరువు చాలదు.

చాప ఎత్తే పని మొత్తం ఒడ్డునే, ట్రాలీ మీదే అయిపోవాలి. ముందుగా పడవ ముక్కును గాలి వచ్చే దిక్కుకు తిప్పాలి. అడ్డంగా పెట్టి చాప ఎత్తితే ఒడ్డు మీదే బోల్తా కొడుతుంది. మాస్టు, అంటే చాపను నిలబెట్టే స్తంభం, రెండు ముక్కలు. ఒకదాంట్లో ఒకటి దూర్చి, చాప అంచున కుట్టిన గొట్టంలాంటి సంచిలోకి జొనిపి, నిలబెట్టి పడవలోని గుంతలో దించాలి. ఆ గుంతను ముందు నీళ్లు పోసి కడగడం చాలామంది మరిచిపోతారు. అందులో ఇసుక మిగిలితే మాస్టు తిరిగిన ప్రతిసారీ ఉప్పుకాగితం రుద్దినట్టు అరిగి, చివరికి అడుగున చిల్లి పడుతుంది. అక్కడినుంచి పడవ లోపలికి నీళ్లు. పోసిన నీళ్లు గుంతలో నిలవకుండా దిగిపోతే ఆ పడవ వద్దనండి, ఇంకొకటి అడగండి.

తర్వాత వెనకవైపున్న బిరడా. బొటనవేలంత ఉండే ఆ ప్లాస్టిక్ మూత బిగించకుండా దిగితే అరగంటలో పడవ బరువెక్కి, తిప్పితే తిరగదు. చుక్కాని బిగించాక దాన్ని పట్టే క్లిప్పు టక్కుమన్నదో లేదో వినాలి. డాగర్‌బోర్డుకు (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలకకు) తాడు కట్టి ఉందో లేదో చూడాలి. ఈ రెండూ సరిగా లేకపోతే పడవ తిరగబడినప్పుడు అవి జారి నీళ్లపాలవుతాయి, ఇక పడవను లేపే దారే ఉండదు. చాపను లాగే పొడుగాటి తాడు చివర ఎనిమిది అంకె ముడి వేయాలి. లేదంటే గాలికి తాడు కప్పీలోంచి మొత్తం జారిపోయి చాప తలుపులా కొట్టుకుంటుంది.

నీళ్లలోకి దిగాక పట్టుబడాల్సింది ఒక్కటే: గాలికి సూటిగా ఎదురు పోలేం. గాలి వచ్చే దిక్కుకు అటు 45, ఇటు 45 డిగ్రీల మేర పడవ నడవదు. ఎదురుగాలికి పోవాలంటే వంకరటింకరగా, ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ కోసుకుంటూ పోవాలి. తిరిగే ప్రతిసారీ బూమ్, అంటే చాప అడుగున ఉండే అడ్డకర్ర, తలమీదుగా పోతుంది, వంగాలి. పడవ తిరగబడితే దాన్ని వదిలి ఈదడం అన్నిటికంటే పెద్ద తప్పు. చాపను లాగే తాడు వదిలేయాలి, చుట్టూ ఈదుకుంటూ పోయి డాగర్‌బోర్డు పట్టుకుని దానిమీదికెక్కి వెనక్కి వాలాలి. ముక్కు గాలివైపు ఉంటే పడవ తేలిగ్గా లేస్తుంది. ఆ తాడు బిగించే ఉంచితే లేచీలేవంగానే చాప గాలి పట్టుకుని మళ్లీ పడుతుంది, లేదా మనిషిని వదిలేసి పోతుంది.

పోటీల రోజు వెళ్లగలిగితే ఇంకా మంచిది. వానల్లో, జులైలో ఇక్కడ మాన్‌సూన్ రెగట్టా జరుగుతుంది. నైరుతి గాలి బాగుండేదీ అప్పుడే. మొదలయ్యే తీరు చూస్తే క్లబ్బు ఎలా నడుస్తుందో తెలుస్తుంది. 5 నిమిషాల ముందు తరగతి జెండా, 4 నిమిషాలప్పుడు సన్నాహపు జెండా, 1 నిమిషం మిగిలాక అది దిగుతుంది, చివరికి తరగతి జెండా దిగితే బయలుదేరడమే. ప్రతిదానికీ ఒక మోత. జెండాలు పట్టేవాళ్లు, గడియారం చూసేవాళ్లు, రక్షణ పడవలో తిరిగేవాళ్లు చాలావరకు నిన్నటి ఆటగాళ్లే. ఒడ్డుకు వచ్చిన పడవను ఎవరిదని అడగకుండా ఇద్దరు చేయి వేస్తారు. 59 కిలోలు ఒక్కరితో అయ్యే పని కాదు. కొత్తగా వెళ్లినవాళ్లు ముందు ఆ పనిలో చేయి కలిపితే నేర్చుకునేది రెట్టింపు.

ఇక లోటు చెప్పాలి. నీళ్లు మురికివి, ఎండాకాలంలో వాసన. కాలికి పుండో కోతో ఉంటే దిగకండి. నోట్లోకి నీళ్లు పోతే ఉమ్మేసి, ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో పుక్కిలించాలి. స్నానం, సబ్బు, మార్చుకోవడానికి బట్టలు తప్పనిసరి. అడుగు మెత్తగా ఉండే పాత బూట్లు వేసుకోండి, హవాయి చెప్పులు బురదలోనే ఉండిపోతాయి.

కర్నూలు నుంచి హైదరాబాదుకు రోడ్డున 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రైలైతే తుంగభద్ర ఎక్స్‌ప్రెస్. బసకు సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు చవక, రాత్రంతా హారన్ల మోత. నిద్ర ముఖ్యమనుకుంటే బేగంపేట వైపు ఇంకొంచెం పెట్టి తీసుకోండి, పొద్దున్నే నీళ్ల మీదికి పోవాల్సిన మనిషికి నిద్ర అవసరం. సంజీవయ్య పార్కు దగ్గర ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆగుతుంది, ఆటోకంటే అదే నయం.

గండికోటలో తెరచాప వద్దు. లోయ గోడలకు తగిలి గాలి నిమిషానికో దిక్కుకు తిరుగుతుంది, చాప నిలవదు. అది కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) నీళ్లు. అక్కడి అడ్వెంచర్ అకాడమీ వాళ్లు కయాక్‌తో పాటు కొండ దిగడం కూడా నేర్పుతారు. పొద్దున గాలి లేవకముందే దిగి, వెళ్లేటప్పుడు ఎదురుగాలికి వెళ్లాలి. అలసట వచ్చేసరికి గాలే వెనక్కి తోస్తుంది. దీనికి తారుమారుగా చేసేవాళ్లు సాయంత్రానికి ఒడ్డు అందక అరుస్తుంటారు. తెడ్డును చేతుల బలంతో కాదు, నడుము తిప్పుతూ వేయాలి, లేకపోతే అరగంటకే భుజాలు పట్టేస్తాయి. లోయలో నిలిచేది మైలవరం జలాశయపు వెనక నీరు. అందుకని బయలుదేరేముందు మట్టం ఎంతుందో ఫోనులో అడగండి. నీరు తగ్గితే ఒడ్డు దగ్గర బండలు, తుమ్మ మొద్దులు బయటపడి కయాక్ అడుగు గీసుకుపోతుంది.

బసకు పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, శని ఆదివారాలకు ముందే పట్టుకోవాలి. లోయ అంచున గుడారాలు వేసి ఇస్తారు. డిసెంబరు చలికి పలచటి దుప్పటి చాలదు, గాలికి గుడారం రాత్రంతా పటపటమంటుంది. మేకులు గట్టిగా దిగాయో లేదో పడుకోబోయే ముందే చూసుకోండి. తిండి దగ్గర ఎంపిక తక్కువ, 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో తినొచ్చి ఎక్కడం మేలు. పిల్లలుంటే రాత్రిపూట అంచు వైపు పోనివ్వొద్దు, కంచె ఉంటుందనుకోవద్దు.

అవుకు కుటుంబంతో ఒక పూటకు బాగుంటుంది. శ్రీశైలం కుడి కాలువ నీళ్లు, చుట్టూ కొండలు, పర్యాటక శాఖ బోట్లు. కానీ 2023 మేలో ఇక్కడే బోటు ప్రమాదంలో ప్రాణాలు పోయాయి. కాబట్టి ఎక్కేముందు అడుగున నీళ్లు ఊరుతున్నాయా చూడండి, రాసి ఉన్న లెక్కకంటే ఒక్కరు ఎక్కువైనా దిగిపోండి. లైఫ్ జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టి ఎవరైనా పైకి లాగాలి. చెవుల దాకా వస్తే అది వదులు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ కట్టడమంటే కట్టనట్టే, నీళ్లలో పడగానే అది తలమీదుగా పైకి పోతుంది. బెలుం గుహలు దగ్గరే, అక్కడ హరిత బస ఉంది. రాత్రికి అదే సరిపోతుంది.

సుంకేసుల వైపు పుట్టి (గుండ్రటి పడవ) వేసే జాలరులు కనిపిస్తే అడిగి ఒకసారి తెడ్డు పట్టండి. ఒక పక్కనే తోస్తే పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ముందువైపు నీళ్లలో తెడ్డు వేసి తనవైపు లాక్కుంటే కదులుతుంది. వాళ్ల వల ఎక్కడుందో అడిగి ఆ పక్కకు పోకండి, చిరిగితే ఆ పూట కూలి పోయినట్టే. పావుగంటకు కాసింత డబ్బు ఇవ్వడం మరవొద్దు.