కార్బన్ పిడి లోపల ఏ ఫోమ్ మేలు?

లోపల ఫోమ్, దాని మీద రెజిన్ అనే గట్టిపడే జిగురుతో తడిపిన కార్బన్ నార తొడుగు: కార్బన్ పిడి అంటే ఇదే. గాలపు రాడ్‌కు సొంతంగా కార్బన్ పిడి చేసుకోవాలనుకునే వాళ్లు మొదట అడిగేది ఒకటే: లోపల ఏ ఫోమ్ పెడితే తేలికగా ఉంటుంది? నా దృష్టిలో అడగవలసిన ప్రశ్న అది కాదు. లెక్క వేసి చూడండి. 25 సెంటీమీటర్ల పొడవు, 26 మిల్లీమీటర్ల మందం, నడుమ రాడ్ దూరడానికి 12 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పిడికి సుమారు 105 ఘన సెంటీమీటర్ల ఫోమ్ పడుతుంది. ఘనపు మీటరు 35 కిలోలు తూగే ఎక్స్‌పీఎస్ (పలకలుగా వచ్చే పాలిస్టైరీన్ ఫోమ్) వాడితే దాని బరువు 4 గ్రాముల లోపే. 80 కిలోల పీవీసీ ఫోమ్ వాడితే 8 గ్రాముల పైచిలుకు. తేడా 5 గ్రాములైనా లేదు. అదే పిడి మీద రెజిన్ అర మిల్లీమీటరు మందం ఎక్కువైందంటే 11 గ్రాములు అదనంగా మోస్తున్నట్టే. ఇదే కొలతలో కార్క్ పిడి 20 గ్రాముల చుట్టూ తూగుతుంది కాబట్టి ఏ ఫోమ్ పెట్టినా లాభమే. ఆ లాభం నిలిచేదీ పోయేదీ రెజిన్‌ను ఎంత బాగా పిండేస్తామన్న దాని మీదే.

కాబట్టి ఫోమ్‌ను రెండు పరీక్షలతో ఎంచుకోవాలి: వేడికి నిలుస్తుందా, నొక్కితే సొట్ట పడకుండా ఉంటుందా? ఒక్క వరస కార్బన్ తొడుగు మందం పావు మిల్లీమీటరుకు అటూ ఇటుగా ఉంటుంది. పడవ అంచుకో లాకుల దగ్గరి రాతికో తగిలినప్పుడు ఆ పలచటి పెంకు పగలకుండా వెనక నుంచి ఆనుకుని ఉండవలసింది ఫోమే. గోదావరి డెల్టాలో వేడి సంగతి చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో తలుపులు మూసిన కారులో ఉన్న నల్లటి పిడిని ఒకసారి పట్టుకుని చూస్తే తెలుస్తుంది.

మన చుట్టూ అడుగడుగునా దొరికేది థర్మోకోల్. భీమవరం, నరసాపురం వైపు రొయ్యలూ చేపలూ ఐసుతో కలిసి ప్రయాణించేది ఆ పెట్టెల్లోనే. పగిలిన పెట్టె ముక్క ఊరికే వస్తుంది కదా అని చాలామంది దానితోనే మొదలుపెడతారు. గరుకు కాగితం పెట్టి రుద్దగానే పూసలు పూసలుగా ఊడి గుంటలు పడతాయి. వాటిని పూడ్చడానికి పోసే రెజిన్‌తో తేలికదనం కాస్తా పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఫైబర్ పడవలు బాగుచేసే చోట దొరికే రెజిన్ ఎక్కువగా పాలిస్టర్. అందులో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. పూసిన నిమిషాల్లోనే ఉపరితలం జిగటగా మారి, తొడుగు కింద నుంచి లోపలికి కుంగిపోతుంది. ఎపాక్సీ అనే మరో రకం రెజిన్‌తో ఆ బాధ లేదు. అయినా నొక్కుడుకు ఆగే బలం చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కూడా లేని సరుకును పిడిలో పెట్టమని నేను చెప్పను.

ఎక్స్‌పీఎస్ కూడా పాలిస్టైరీనే కాబట్టి పడవల రెజిన్‌కు అదీ కరుగుతుంది. కానీ తీరు వేరు. నీలం, గులాబీ రంగు పలకలుగా వస్తుంది. కణాలు చిన్నవి, మూసుకుని ఉంటాయి. అందుకే రెజిన్‌ను పెద్దగా పీల్చదు, నీటిని దాదాపు తీసుకోదు. పలకలను ఒకదాని మీద ఒకటి అతికించి, రంధ్రం చేసి, ఇనుప చువ్వకు గుచ్చి డ్రిల్ మెషిన్‌లో తిప్పుతూ రుద్దితే చక్కటి ఆకారం వస్తుంది. నొక్కుడు బలం చదరపు సెంటీమీటరుకు రెండున్నర, మూడు కిలోలు. దీని బలహీనత వేడి. 75 డిగ్రీల దగ్గర మెత్తబడి కుంచించుకుపోతుంది. అంటే ఎక్కువైన రెజిన్‌ను పిండడానికి హీట్ గన్‌తో బిగించే ష్రింక్ టేపు దీనికి పనికిరాదు. సాగే టేపును చేత్తో బిగించి చుట్టి, మామూలు వేడిలోనే ఆరనివ్వాలి. టేపు మరీ బిగిస్తే వేళ్ల అచ్చులు కూడా పడతాయి.

చాలామంది పట్టించుకోని సరుకు పఫ్ ప్యానెల్ ముక్కలు. శీతల గిడ్డంగులకూ రొయ్యల ప్లాంట్లకూ గోడలుగా వాడే ఈ పలకల నడుమ ఉండేది గట్టి పాలీయురెథేన్ ఫోమ్. సాంద్రత సాధారణంగా ఘనపు మీటరుకు 40 కిలోలు. పాలిస్టర్ రెజిన్‌కు కరగదు, 100 డిగ్రీల దాకా జంకదు. ఇన్ని సుగుణాలున్నా 40 కిలోల పఫ్‌ను పిడికి నేను ఎంచుకోను. గోటితో గీరితే పసుపు పొడి రాలుతుంది. పిడి కొన్నాళ్లు పనిచేశాక ఫోమ్ పైపొర అలాగే పొడిబారి కార్బన్ నుంచి విడిపోతుంది. అప్పుడు బొటనవేలితో నొక్కితే లోపల టక్‌మని చప్పుడు వస్తుంది. అదే పాలీయురెథేన్ 100 కిలోల పైన సాంద్రతలో దిమ్మెగా దొరికితే మాత్రం సంకోచించకుండా తీసుకోండి, అది వేరే స్థాయి సరుకు. రెండు ద్రవాలు కలిపి అచ్చులో పోసుకునే రకం కూడా ఉంది గానీ, డెల్టా వానాకాలంలో దాని జోలికి పోవద్దు. అందులోని ఐసోసయనేట్ గాలిలో తేమతో కలిసి వాయువు పుట్టిస్తుంది, ఫోమ్‌లో పెద్ద పెద్ద బుడగలు మిగులుతాయి. ఆ ఆవిరి ఊపిరితిత్తులకూ మంచిది కాదు. సందులు పూడ్చే డబ్బా ఫోమ్ గురించి మాట్లాడుకోనక్కరలేదు.

ఇక పీవీసీ ఫోమ్. పడవలకూ గాలిమర రెక్కలకూ వాడేది. 80 కిలోల రకానికి నొక్కుడు బలం చదరపు సెంటీమీటరుకు 14 కిలోల దాకా ఉంటుంది. ఎక్స్‌పీఎస్‌కు నాలుగైదు రెట్లు! ఏ రెజిన్ అయినా పడుతుంది, ష్రింక్ టేపును జాగ్రత్తగా వేడిచేస్తే తట్టుకుంటుంది, రుద్దితే అంచులు పదునుగా నిలుస్తాయి. ఖరీదెక్కువ, మన ఊళ్లలో దొరకదు, తెప్పించుకోవాలి. కానీ ఒక పిడికి కావలసింది జానెడు ముక్క. పెద్ద పలక కొనకుండా కోతల్లో మిగిలిన ముక్కలు అడిగితే చాలు.

నా ఎంపిక ఇలా ఉంటుంది. కాలువ గట్టున జెల్లలకూ పరిగెలకూ వాడే తేలిక రాడ్‌కు ఎక్స్‌పీఎస్, ఎపాక్సీ, ఒక తొడుగు చాలు. గుర్రపుడెక్కలోంచి కొర్రమీనును లాగే రాడ్‌కు, అంతర్వేది దగ్గర సముద్రపు మొగలో పండుగొప్ప కోసం విసిరే రాడ్‌కు 80 కిలోల పీవీసీయే పెట్టాలి, తొడుగు రెండు వరసలు ఉండాలి. ముఖ్యంగా పొట్టకు ఆనించే కింది పిడికి. అక్కడ పొదుపు చేస్తే చేప పడిన రోజున తెలిసివస్తుంది.

ఏ ఫోమ్ తీసుకున్నా ముందుగా పలచగా ఎపాక్సీ పూసి, ఆరాక రుద్ది, ఆ తర్వాతే తొడుగు ఎక్కించండి. కోసిన కణాల నోళ్లు మూసుకుంటాయి, అసలు పూతలో రెజిన్ లోపలికి ఇంకిపోదు. పూసే వేళ కూడా ముఖ్యమే. పొద్దున పూస్తే ఎండ పెరిగేకొద్దీ ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా బయటకు వస్తుంది. ఎండ తగ్గుముఖం పట్టాక పూస్తే అదే గాలి కుంచించుకుని రెజిన్‌ను లోపలికి లాగుతుంది. అలాగని పొద్దు గూకేదాకా ఆగినా చిక్కే. రాత్రి తేమకు ఎపాక్సీ మీద మైనంలాంటి తెల్లటి పొర పడుతుంది. మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య సరైన వేళ. పొర పడినా కంగారు పడకండి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక రుద్ది తర్వాతి పూత వేయవచ్చు. కార్బన్ రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ఉప్పునీటిలో వాడేవారు రీల్‌ను బిగించే అల్యూమినియం సీటును కార్బన్‌కు నేరుగా తగలనివ్వకూడదు. అలా తగిలితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. నడుమ ఒక వరస గ్లాస్ ఫైబర్ గుడ్డ చుట్టండి. చెరువు గట్ల మీద ఏరియేటర్లకు (నీటిని చిలికి గాలి అందించే యంత్రాలకు) వెళ్లే కరెంటు తీగలు తక్కువ ఎత్తులో పోతుంటాయి. కార్బన్‌లో విద్యుత్తు పారుతుంది. కార్క్ పిడి చేతికీ రాడ్‌కూ మధ్య కొంత అడ్డుగా ఉంటుంది, కార్బన్ పిడితో ఆ అడ్డు కూడా పోతుంది. తీగల కింద రాడ్ ఎత్తవద్దు. ఒక చెరువు నుంచి మరో చెరువుకు నడిచేటప్పుడు రాడ్‌ను రెండు ముక్కలుగా విడదీసి పట్టుకోండి.