అనంతపురం నుంచి ఆదర్శనగర్‌కు కిసాన్ రైలు: ఒక చీనీ రైతు అభిప్రాయం

మా జిల్లా చీనీ (బత్తాయి) కాయ ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి చేరాలంటే చాలాకాలం లారీయే ఆధారంగా ఉండేది. రైతుల పంటను తరలించేందుకు రైల్వే నడిపిన కిసాన్ రైళ్లలో దక్షిణ భారతంలోని తొలి రైలు 2020 సెప్టెంబరు 9న 14 పార్సిల్ వ్యాన్లతో, 332 టన్నుల సరుకుతో అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శనగర్‌కు బయలుదేరింది. ఆ తర్వాత మేమూ రెండు విడతలు కాయ పంపాం కనుక, ఆ సేవ గురించి అనుభవంతోనే రాస్తున్నాను.

వేగం విషయంలో ఫిర్యాదుకు తావు లేదు. లారీలో మూడు నాలుగు రోజులు పట్టే సుమారు 2,150 కిలోమీటర్ల ప్రయాణాన్ని ఈ రైలుకు 40 గంటలుగా నిర్ణయించారు. పైగా టార్పాలిను కింద ఉడికి, అడుగు వరుస నలిగిపోయే బాధ మా కాయకు తప్పింది. అయితే నన్ను అంతకంటే ఎక్కువగా ఆకట్టుకున్నది కనీస పరిమాణం నిబంధన లేకపోవడం. లారీ నిండేంత కాయ లేని రెండు మూడెకరాల రైతు, టన్నుకు ఇంతని సూటు (తూకంలో తరుగు) కోసుకునే వ్యాపారికే పంటను అప్పగించక తప్పేది కాదు. అలాంటివారు పది మంది కలిసి, ఎవరి పెట్టెలు వారి పేరున పంపుకొనే వీలు ఈ రైలు కల్పించింది. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ ఆపరేషన్ గ్రీన్స్ పథకం కింద రవాణా ఛార్జీలో సగం రాయితీ వచ్చాక, బాడుగ లెక్క కూడా మాకు అనుకూలంగా మారింది.

లోపం పట్టాల మీద లేదు, రెండు చివర్లలో ఉంది. లారీ తోట గట్టున నిండి నేరుగా మండీలో దిగుతుంది. రైలుకైతే తోట నుంచి స్టేషనుకు, అక్కడి నుంచి వ్యానులోకి, మళ్లీ ఢిల్లీలో బండి మీదకు సరుకు చేతులు మారుతుంది, ప్రతి చోటా హమాలీ ఖర్చు పడుతుంది. ఆజాద్‌పూర్‌కు దగ్గరలోనే ఉన్న ఆదర్శనగర్‌ను గమ్యంగా ఎంచుకోవడం ఈ భారాన్ని కొంత తగ్గించిన మంచి నిర్ణయం. పార్సిల్ వ్యాన్లలో శీతలీకరణ లేకపోయినా చీనీ తట్టుకుంటుంది గానీ, టమోటా పంపేవారు ఆలోచించుకోవాలి.

రాయితీ కంటే మాకు ముఖ్యమైనది రోజు ఖరారు కావడం. వారంలో ఫలానా రోజు, ఫలానా గంటకు రైలు కదులుతుందని ముందే తెలిస్తే, కోత కూలీలను ఆ రోజుకు సరిపోయేలా పిలుచుకొని, పూర్తి బాడుగ చెల్లించైనా మా కాయను రైలుకే ఎక్కిస్తాం.