పడటం నేర్పిన క్లబ్బు: మల్కాజిగిరిలో మూడున్నరేళ్ళ జూడో తర్వాత

ఈ క్లబ్బు గురించి ఏం చెప్పాలన్నా నేను పడటం దగ్గరే మొదలుపెట్టాలి. 2022 జూలైలో, 39 ఏళ్ళ వయసులో, అంతకుముందు ఏ ఆటా క్రమంగా ఆడని స్థితిలో ఇక్కడ చేరినప్పుడు మొదటి ఆరు వారాలు నాకు పడటం తప్ప మరేమీ నేర్పలేదు. ముందు వెల్లకిలా పడుకుని, గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చూపును బెల్టు ముడి మీద నిలిపి, రెండు అరచేతులతో మ్యాట్‌ను ఒకేసారి చరచాలి. తర్వాత కూర్చున్న చోటు నుంచి, ఆ తర్వాత గొంతుకూర్చున్న స్థితి నుంచి, చివరికి నిలబడిన చోటు నుంచి అదే పని చేయాలి. వెనక్కి పడేటప్పుడు చేయి వెనక్కి చాచి నేలను ఆపాలని శరీరానికి పుట్టుకతో ఉండే ఆత్రుతను పోగొట్టడమే ఆ ఆరు వారాల పని. చేయి చాస్తే బరువంతా మణికట్టు మీద, మోచేతి మీద పడుతుంది. మ్యాట్‌ను చరిస్తే ఆ తాకిడి చేతి పొడవునా, వీపు వెడల్పునా పంచుకుపోతుంది. మూడో వారంలో ఒకరోజు తల ఎక్కడా తగలకుండా, ఊపిరి బిగబట్టకుండా పడి లేచినప్పుడు కలిగిన సంతోషం ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నాకు కలగలేదు.

ఇక్కడికి రాకముందు మరో రెండు చోట్ల చూశాను. ఒకటి మా వీధికి దగ్గరలో, ఒక మేడ మీద జరిగే కరాటే తరగతి. వారు మొదటి పది నిమిషాల్లోనే మూడు నెలలకొకసారి జరిగే బెల్టు పరీక్షల గురించి, వాటి రుసుము గురించి చెప్పారు కానీ, కింద ఉన్న సిమెంటు నేల గురించి అడిగితే సరైన సమాధానం ఇవ్వలేదు. రెండోది జూడో తరగతే. నేను గోడ పక్కన కూర్చుని చూస్తుండగా, రెండో రోజు వచ్చిన ఒక కుర్రవాడిని అతనికన్నా బరువైన మరొకరు ఒసోతో గారి వేసి పడేశారు. ఎదుటివాడి కాలిని వెనక నుంచి తన కాలితో ఊడ్చేస్తూ, పైభాగాన్ని వెనక్కి తోసే ఆ పట్టులో కొత్తవారి తల నేరుగా నేలకు తగిలే ప్రమాదం ఎక్కువ. అతనికి ఏమీ కాలేదు. అయినా నేను మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. జపాన్ పాఠశాలల్లో 1983 నుంచి సుమారు మూడు దశాబ్దాల కాలంలో జూడో సాధన వల్ల వందకు పైగా విద్యార్థులు మరణించారని, వారిలో చాలామంది తలకు దెబ్బ తగిలిన కొత్తవారేనని, 2012లో అక్కడి మాధ్యమిక పాఠశాలల్లో యుద్ధకళలను తప్పనిసరి చేసినప్పుడు ఈ విషయం మీద పెద్ద చర్చ జరిగిందని తర్వాత చదివాను. ఆ రోజు గోడ పక్కన నాకు కలిగిన భయం అర్థం లేనిది కాదని అప్పుడు తెలిసింది.

అందుకే మొదటి ఏడాది నన్ను ఎవరు అడిగినా ఈ క్లబ్బుకే వెళ్ళమని ఏ సందేహమూ లేకుండా చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

2024 డిసెంబరులో, నేను గ్రీన్ బెల్టుకు వచ్చిన తర్వాత, చదువు కోసం నగరానికి వచ్చిన ఒక అమ్మాయి మా సాయంత్రం బ్యాచిలో చేరింది. ఆమెది ఎడమచేతి వాటం. మా క్లబ్బులో అప్పటిదాకా అందరిదీ కుడిచేతి వాటమే. కుడి వాటం వారు త్రో (ఎదుటివారిని పడేసే పట్టు) వేసేటప్పుడు ఎదుటివారి కుడి చేతి చొక్కా అంచును పట్టి ఉంచుతారు కాబట్టి, పడేవారు ఎడమ పక్కకు పడి ఎడమ చేత్తో మ్యాట్‌ను చరుస్తారు. ఆమె నా ఎడమ చేతిని పట్టుకుంది. రందోరి, అంటే ఇద్దరూ స్వేచ్ఛగా తలపడే సాధన, మొదలైన రెండో నిమిషంలోనే కిందికి దూరి నన్ను భుజం మీదుగా ఎత్తింది. గాలిలో ఉన్న ఆ క్షణంలో నా ఎడమ చేయి చరచడానికి సిద్ధంగా ఉంది కానీ అది ఆమె పట్టులో ఉంది. ఖాళీగా ఉన్న కుడి చేయి, రెండున్నరేళ్ళ కిందట నేను మాన్పించుకున్నాననుకున్న పనే చేసింది, నేల వైపు చాచుకుంది. టప్పున శబ్దం వినిపించింది. కుడి మణికట్టు ఎముక విరిగింది.

ఆ అమ్మాయి తప్పు ఇందులో కొంచెం కూడా లేదు. త్రో వేసినవారు చేయాల్సినట్టే నా చేతిని చివరిదాకా పైకి లాగి పట్టుకుంది. అలా పట్టుకోకపోతే తలకు కూడా తగిలి ఉండేది. "అక్కా, సారీ అక్కా" అంటూ ఆమె ఏడుస్తుంటే నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. కుడి చేత్తో సంతకం చేయాల్సిన బ్యాంకు ఉద్యోగంలో అది ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. మూడు నెలల రుసుము ముందే కట్టి ఉన్నందున ఆ ఆరు వారాలకు మినహాయింపు అడిగితే నిర్వాహకులు ఒప్పుకోలేదు. ఆ మనస్తాపం నాకు ఇంకా పోలేదు.

ఇంట్లో ఉన్న రోజుల్లో నేను లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. మొదటి ఆరు వారాల్లో రెండు పక్కలా సమానంగానే పడ్డాను. ఆ తర్వాత రందోరిలో వేలసార్లు పడింది ఎడమ పక్కకే. కుడి పక్కకు పడేది వార్మప్‌లోని ఐదు నిమిషాల్లో మాత్రమే, అది కూడా ఆరెంజ్ బెల్టు వచ్చేదాకానే. ఆ పైన ఉన్నవారికి ఆ ఐదు నిమిషాల నుంచి మినహాయింపు ఇచ్చి, పక్కన నిలబడి కొత్తవారికి చెప్పే పని అప్పగించేవారు. ఆ మినహాయింపు దొరికినప్పుడు నేనూ గర్వపడ్డాను. అంటే నేను అంతగా మెచ్చుకున్న ఆ పాఠాన్ని క్లబ్బు కొత్తవారి పాఠంగానే చూసింది, ఒక దశలో ముగిసిపోయేదిగా భావించింది. 1882లో జిగోరో కానో జూడోను స్థాపించినప్పుడు పడే సాధనకు అంత చోటు ఇచ్చింది, పూర్తి బలంతో తలపడినవారు మర్నాడు కూడా సాధనకు రాగలగాలని. ఆ అవసరం బెల్టు రంగుతో మారదు.

మా సార్ ఇంటికి వచ్చి ఎక్స్‌రే చూసి, "ఇది నా లోపం మేడమ్, మిమ్మల్ని వార్మప్ నుంచి తప్పించకుండా ఉండాల్సింది" అన్నారు. ఆ మాటే నన్ను తిరిగి ఆ హాలులోకి తీసుకెళ్ళింది. ఏప్రిల్‌లో వెళ్ళేసరికి బ్రౌన్ బెల్టు వారితో సహా అందరూ వరుసలో పడుతున్నారు. ప్రతి శుక్రవారం త్రోలన్నీ ఎడమ వాటంతోనే సాగుతున్నాయి. నేర్పే మనిషి తన పద్ధతిని నలుగురి ముందు మార్చుకోవడం నేను ఊహించలేదు, దానికి ఆయన పట్ల నాకు గౌరవం పెరిగింది.

అయితే మే నెల వేసవి శిబిరంలో పరిస్థితి వేరు. ఒక్క హాలులో నలభై మంది పిల్లలు చేరతారు, ఉండేది నెల రోజులే. ఆఖరి రోజు ప్రదర్శనలో తమ పిల్లలు ఎవరినైనా ఎత్తి పడేయడం చూడాలని తల్లిదండ్రులు ఎదురుచూస్తారు. ఆ ఒత్తిడిలో ఆరు వారాల పాఠం ఒక్క వారానికి కుదించుకుపోతుంది. నేను అభ్యంతరం చెప్పిన తర్వాత శిబిరంలో త్రోలను మోకాళ్ళ మీద నుంచి, మందపాటి క్రాష్ మ్యాట్ మీదకు మాత్రమే వేయిస్తున్నారు. అది మెరుగే, కానీ నాకు చాలదు. నా మేనల్లుడిని జూన్ తర్వాత రెగ్యులర్ బ్యాచిలో చేర్చాను కానీ శిబిరానికి పంపలేదు.

నాకు ఈ క్లబ్బు కుదరడానికి నా పరిస్థితులు కూడా కారణమే. ఇల్లు నడక దూరంలో ఉంది, పతకాల ఆశ లేదు, వారానికి మూడు సాయంత్రాలు చాలు. సాయంత్రం బ్యాచిలో నాతో కలిపి ఆడవాళ్ళం నలుగురమే. బట్టలు మార్చుకునే గదికి గడియ పెట్టించడానికే నాకు రెండు నెలలు పట్టింది. పోటీలకు వెళ్ళాలనుకునే ఇరవై ఏళ్ళ అమ్మాయికి తన బరువులో భాగస్వాములు ఇక్కడ దొరకరు; ఆమెకు ఇంకో క్లబ్బు చూసుకోమనే చెబుతాను. నా వయసులో, నాలాగే మొదటిసారి చేరాలనుకునేవారు మాత్రం డబ్బు కట్టకముందు ఒక పూర్తి తరగతి కూర్చుని చూడండి. కొత్తవారు ఎలా పడుతున్నారో ఎలాగూ చూస్తారు. పాతవారు కూడా పడుతున్నారా, రెండు పక్కలా పడుతున్నారా అన్నది గమనించండి.

నేను తరగతికి పది నిమిషాలు ముందే వెళ్తున్నాను. మ్యాట్ల మధ్య సందులు లేకుండా సర్ది, కుడి పక్కకు ఇరవై సార్లు పడుతున్నాను. మణికట్టు చలికాలంలో కొంచెం పట్టేస్తుంది.