ఇళ్ల మరమ్మతుకు బస్సెక్కి వెళ్లాలా, మన బస్తీలోనే చేయాలా? ఏది మేలు?

మా సంఘం యూత్ మీటింగ్‌లో ఈ మాట మళ్లీ వచ్చింది. వానలు పడేలోపు మిషన్ ట్రిప్పు పేరుతో ఎక్కడికైనా వెళ్లి ఇళ్లు బాగుచేద్దామా, లేక ఇక్కడే సికింద్రాబాద్‌లో, చర్చి నుంచి నడిచి వెళ్లగలిగే బస్తీలో శనివారాలు పనిచేద్దామా అని. రెండూ చేసినదాన్ని. అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెప్తున్నాను.

2024 సెప్టెంబరు 1 ఆదివారం మున్నేరు పొంగి, ఖమ్మంలో బొక్కలగడ్డ లాంటి చోట్ల ఇళ్లు మునిగిపోయాయి. ఆ వారమే 22 మందిమి బస్సులో బయల్దేరాం. సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ ఏ పనీ రాకపోయినా పర్వాలేదు, మనుషులుంటే చాలు. ఇళ్లలో బురద. అది ఎండిందంటే పలుగుకు కూడా లొంగదు, పచ్చిగా ఉన్నప్పుడే ఎత్తెయ్యాలి. వరసగా నిలబడి గమేళాలు ఒకరి నుంచి ఒకరం అందుకుంటూ వీధిలోకి పోశాం. ఒక ఇంట్లో ఒకమ్మ కొడుకు టెన్త్ మెమోను స్టీలు పళ్లెంలో పరిచి, చిరగకుండా వేలి కొసతో మట్టి తీస్తోంది. నంబరు కనబడేదాకా మేం ఎవరం మాట్లాడలేదు. ఇలాంటి సమయంలో ట్రిప్పే మేలు. ఆలస్యం చేయకుండా వెళ్లాలి, ఎంతమంది వస్తే అంత మంచిది.

నెల తర్వాత అక్కడికే మరమ్మతులకు మళ్లీ వెళ్లాం. తేడా అప్పుడు తెలిసింది. ఊడిపోయిన గోడలకు ప్లాస్టరింగ్ చేశాం. సిమెంటు పనికి కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి. మా బస్సు మూడో రోజు సాయంత్రమే. ఆ ఇంటివాళ్లు తెల్లారగానే పనికి పోయే మనుషులు, పూటపూటా గోడ ఎవరు తడుపుతారు? కొద్ది వారాలకే గీకితే పొడి రాలుతోందని ఫోన్ వచ్చింది. రేకుల పని ఇంకా అన్యాయం చేశాం. బోల్టు రంధ్రం రేకు గుట్ట మీద పడాలి, మేం పల్లంలో వేశాం. నీళ్లు పారేది అక్కడే కదా, ఆ రంధ్రంలోంచే ఇంట్లోకి దిగాయి.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటి. మేం పనిచేస్తున్నంతసేపూ ఆ వీధిలోని తాపీ మేస్త్రీ ఎదురింటి అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన ఇల్లూ మునిగింది. చుట్టూ కావలసినంత పని ఉంది, కూలి ఇవ్వడానికి ఎవరి దగ్గరా డబ్బు లేదు. తర్వాత లెక్క వేస్తే, మా బస్సు కిరాయి, తిండి ఖర్చుతో ఇద్దరు మేస్త్రీలకు, ఇద్దరు కూలీలకు రెండు వారాలు పని దొరికేది. మన మెదక్ చర్చినే చూడండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిని మిషనరీ పోస్నెట్ దొర కట్టించాడంటాం. కరువులో ఇక్కడి జనానికి పని చూపించి తిండి పెట్టడం కూడా ఆ కట్టడం కథలో భాగమే.

ఇక మన బస్తీ. ఇక్కడ మేస్త్రీకి పూర్తి కూలి ఇస్తాం, ఆయన చెప్పినట్టు మేం అందిస్తాం. గుట్ట మీద రంధ్రం, తారు వాషరు, రేకు మీద రేకు 6 అంగుళాలు ఎక్కాలి, పైకెక్కితే పలక వేసుకుని దాని మీదే అడుగు పెట్టాలి. ఇవన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాం. పాత సిమెంటు రేకులను పగలగొట్టొద్దు, ఆ దుమ్ములో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ నార ఉంటుంది. మే నెలలో ఒక అవ్వ ఇంటికి రేకులు మార్చాం. జూన్ మొదటి వానకే ఫోన్: "బిడ్డా, మూలకు కారుతున్నది, జర వచ్చి చూడుండ్రి." సాయంత్రం ఆఫీసు నుంచి అటే వెళ్లాం. ఒక బోల్టు వదులైంది. పది నిమిషాల పని. అదే ఖమ్మంలో అయితే ఆ ఇల్లు వానాకాలమంతా కారేది.

ఇక్కడా టెన్షన్లు ఉన్నాయి. మొదటి శనివారం పద్దెనిమిది మంది వస్తే నాలుగోదానికి ఐదుగురే మిగులుతారు. అద్దె ఇల్లు బాగుచేస్తే ఓనరు అద్దె పెంచుతాడు. మాకు ఒకసారి అలాగే అయింది, అందుకే ఇప్పుడు ఏడాది పాటు పెంచనని ముందే కాగితం మీద రాయించుకుంటున్నాం. నాలా పక్క ఇళ్లకైతే ఇంకా ముందే కనుక్కోవాలి. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని గుర్తులు వేశారు, అంటే నది గర్భంలో ఉన్నాయి కాబట్టి కూల్చేస్తామని. అలాంటి ఇంటికి గోడలు పూయడం కంటే సామాన్లు మోయడానికి, కాగితాలు రాయడానికి తోడుండాలి. ఎవరింటికైనా ఏ మతమని అడగకుండా వెళ్లాలి. వాళ్లే అడిగితే ప్రార్థన చేస్తాం, లేకపోతే పనిచేసి వచ్చేస్తాం.

అందుకే నా ఓటు ఇది. వరద వచ్చిన వారంలో బస్సు. మరమ్మతుకు బస్తీ. దూరాన మరమ్మతు కావాలంటే అక్కడి మేస్త్రీకి డబ్బు పంపి, మనలో ఒకరిద్దరు వెళ్లి చూసి రావాలి. ఈసారి యూత్ ఫండులో సగం అందుకోసం ఉంచమని పాస్టరు అయ్యగారిని అడిగాను, ఆలోచిస్తానన్నారు. ఇక్కడ మాత్రం మూడు ఇళ్లు చూసుకున్నాం. రేకుల మేస్త్రీకి వచ్చే శనివారానికి చెప్పి ఉంచాను, ఉదయం ఏడింటికి నిచ్చెన తెస్తానన్నాడు.